తాడు తగిలించే ముందు

చిరంజీవి శ్రీనుకు,

మామయ్య ఆశీస్సులు. ఆగిపోయిన కార్లను ఎక్కించుకెళ్లే ఫ్లాట్‌బెడ్ బండి కొన్నావని మీ అమ్మ చెప్పింది, సంతోషం. కారును తీగతో పైకి లాగే వించ్ ఎన్ని టన్నులు లాగుతుందో ఫోనులో గొప్పగా చెప్పావు గానీ, కారును కట్టే బెల్టులు ఎన్ని ఉన్నాయో చెప్పలేదు. నాలుగు చక్రాలకు నాలుగు, ఇంకో రెండు అదనంగా ఉండాలి. టైరు మీదుగానే కట్టు. అప్పుడు స్ప్రింగుల మీద కారు దాని మానాన అది ఊగుతుంది. ఇరుసుకు కొక్కెం వేసి బిగిస్తే ప్రతి గతుకు దెబ్బా ఆ ఇరుసుకే. బయలుదేరిన రెండు మూడు కిలోమీటర్లకు ఒకసారి ఆగి మళ్లీ బిగించు.

నా జేబు ఖాళీ చేసిన సంగతి ఒకటి చెబుతాను. అప్పట్లో నా దగ్గర ముందు చక్రాలు ఎత్తి లాగే క్రేను ఒక్కటే ఉండేది. నందిగామ దగ్గర ఆగిపోయిన ఒక ఆటోమేటిక్ కారును అలాగే ఎత్తి, విజయవాడ ఆటోనగర్ దాకా లాక్కొచ్చాను. గేరు న్యూట్రల్‌లో ఉంది కదా అని నా ధీమా. ఆ కారును నడిపేవి వెనక చక్రాలు. అవి దారి పొడవునా రోడ్డు మీద తిరుగుతుంటే వాటితో పాటు గేరుబాక్సు లోపలి భాగాలూ తిరిగాయి. ఇంజిన్ ఆగి ఉంది గనుక ఆయిలు తోడే పంపు మాత్రం తిరగలేదు. మెకానిక్ కింద ప్లగ్గు విప్పగానే నల్లటి ఆయిలు మాడు వాసనతో కారింది. వేళ్ల మధ్య రాసి చూస్తే ఇసుకలా గరగరలాడింది. కారు ఆగింది ఒక చిన్న వైరు ఊడి. గేరుబాక్సును పాడుచేసింది నేను. ఆ డబ్బు వాయిదాల మీద కట్టుకున్నాను.

అందుకే తాడు తగిలించే ముందు ఆటోమేటిక్కా, ఏ చక్రాలు నడుపుతాయి అని అడుగు. నాలుగు చక్రాలూ నడిపేదైనా, ఎలక్ట్రిక్ కారైనా ఒక్క చక్రం కూడా నేల మీద దొర్లకుండా పైకెక్కించాల్సిందే.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు నీళ్లు తీశాక అలాంటి కార్లెన్నో చూశాను. అద్దాల మీద బురద గీత అలాగే ఉంటుంది, యజమాని తాళంచెవి పట్టుకుని ‘ఒక్కసారి స్టార్ట్ చేసి చూస్తాను’ అంటాడు. చేయనివ్వకు. ఇంజిన్ సిలిండర్‌లో పిస్టన్ నొక్కితే గాలైతే అణుగుతుంది, లోపలికి చేరిన నీళ్లు అణగవు. పిస్టన్ అక్కడే ఆగిపోయి దాన్ని తోసే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఎంత బతిమాలినా తాళం నీ చేతిలోనే ఉంచుకో.

తాడు కట్టి లాగమనే వాళ్లూ ఉంటారు. ఇంజిన్ ఆగిన కారులో బ్రేకు పెడలు తొక్కితే రాయిలా గట్టిగా ఉంటుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. వెనక కూర్చున్న మనిషికి ఆ సంగతి మొదటి మలుపులోనే తెలుస్తుంది. రెండు బండ్ల మధ్య దూరం 5 మీటర్లు దాటకూడదని, వెనక ‘ఆన్ టో’ (లాక్కెళ్తున్న బండి) అని బోర్డు ఉండాలని నిబంధన. నన్నడిగితే ఆ పనికి ఒప్పుకోకు.

వించ్ లాగుతున్నప్పుడు తీగ దగ్గర ఎవరినీ నిలబడనివ్వకు, తీగ మీద ఒక బరువైన గోనెపట్టా వెయ్యి. తెగితే అది కొరడాలా లేస్తుంది, పట్టా దాని ఊపు తగ్గిస్తుంది.

ఇక బేరం సంగతి. రేటు ముందే చెప్పు, కారుకు నాలుగు వైపులా ఫొటోలు యజమాని ఎదుటే తీయి. పాత గీతలు నీ నెత్తిన పడకుండా ఉంటాయి. కానీ నీ నోట మొదటి మాట ‘ఎవరికీ దెబ్బలు తగలలేదు కదా’ అని ఉండాలి. పిల్లల్ని రెయిలింగ్ అవతలకు పంపించాకే పని మొదలుపెట్టు. జాతీయ రహదారి మీద డబ్బుల్లేక బిక్కమొహం వేసినవాడు కనిపిస్తే రహదారి సహాయ నంబరు 1033కి ఫోను చేయమను. ఆ బేరం పోతే పోనీ.

చక్రాల కింద పెట్టే నా పాత టేకు దిమ్మెలు పెరట్లో ఉన్నాయి, ఆదివారం వచ్చి తీసుకెళ్లు. ఆ బండి మీదే రా, బెల్టులు చూడాలి.

మీ మామయ్య