రెండుసార్లు రిజెక్ట్ అయిందంటే ముందు పేరు చూడండి

చెన్నైలోని మీ ట్రస్టుకి మైక్రోసాఫ్ట్ నాన్‌ప్రాఫిట్ అప్లికేషన్ (సేవా సంస్థలకి సాఫ్ట్‌వేర్ ఉచితంగా, రాయితీకి ఇచ్చే పథకానిది) రెండుసార్లు వెనక్కొచ్చిందంటే, బహుశా పేరు తేడా వల్లే.

1. ట్రస్ట్ డీడ్, పాన్ కార్డు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదాంట్లో ‘చారిటబుల్ ట్రస్ట్’, ఇంకోదాంట్లో ఉత్త ‘ట్రస్ట్’ అని ఉన్నా వెరిఫికేషన్ ఆగిపోవచ్చు. తేడా ఉంటే ముందు పాన్ సరిచేయించండి. తర్వాత డీడ్‌లో ఉన్నది ఉన్నట్టే, అక్షరం పొల్లుపోకుండా టైపు చేయండి. బోర్డు మీద రాసుకునే పొట్టి పేరు అస్సలు వద్దు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే.

2. అడ్రసూ అంతే. ఆఫీసు మారి ఉంటే కొత్త అడ్రసు ప్రూఫ్ జతచేయండి.

3. ట్రస్టు సొంత డొమైన్ మెయిల్ (జీమెయిల్ లాంటిది కాకుండా, ట్రస్టు వెబ్‌సైట్ పేరుతో ఉండేది) వాడండి.

టెన్షన్ వద్దు, మళ్లీ అప్లై చేయొచ్చు. ఓకే అయ్యాక మైక్రోసాఫ్ట్ 365లోని బిజినెస్ బేసిక్ ప్లాన్ 300 మంది దాకా ఉచితం. కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసుకునే వర్డ్, ఎక్సెల్ మాత్రం అందులో రావు, వాటికి రాయితీ ప్లాన్ కొనాలి.