రెండు చోట్ల పెట్టిన డబ్బు లెక్కల్లో ఎక్స్ అని దేన్ని అనుకోవాలి?

మీ లెక్క ఇదే కదా, లక్షన్నరలో కొంత బ్యాంకులో 7 శాతానికి ఎఫ్‌డీ వేశారు, మిగతాది బయట రూపాయి వడ్డీకి ఇచ్చారు, ఏడాదికి మొత్తం 13,500 వడ్డీ వచ్చింది, ఎక్కడ ఎంత పెట్టారు అని. నేను టెన్త్‌లో ఉన్నప్పుడు అచ్చం ఇలాంటి దాని దగ్గరే ఇరుక్కుపోయా. రూపాయి వడ్డీ అంటే 1 శాతం అనుకుని వేసేస్తే బ్యాంకులో 2 లక్షలు అని వచ్చింది, అసలు ఉన్నదే లక్షన్నర! మా అమ్మ చూసి "నూటికి నెలకి రూపాయి కదరా, ఏడాదికి పన్నెండు అవదూ" అంది. అంటే అది 12 శాతం. ముందు రెండు రేట్లూ ఏడాదికి మార్చుకోండి, ఎక్స్ సంగతి ఆ తర్వాత.

ఇక ఎక్స్ అంటే బ్యాంకులో వేసిన అసలు, వడ్డీ కాదు, చాలామంది ఇక్కడే కలిపేస్తారు. మిగతాదానికి ఇంకో అక్షరం అక్కర్లేదు, అది 1,50,000 − ఎక్స్. రెండు వడ్డీలు కలిపితే 13,500 రావాలి కాబట్టి, భిన్నాలు లేకుండా రెండు వైపులా వందతో గుణిస్తే

7ఎక్స్ + 12(1,50,000 − ఎక్స్) = 13,50,000

కుడి పక్కన కూడా వందతో గుణించడం మర్చిపోవద్దు, నేను ఎన్నిసార్లు మర్చిపోయానో. 18,00,000 − 5ఎక్స్ = 13,50,000, ఎక్స్ = 90,000. బ్యాంకులో 90 వేలు, బయట 60 వేలు. సరిచూస్తే 6,300 + 7,200, సరిపోయింది.

అమ్మకి ఆల్జీబ్రా రాదు, చీటీ డబ్బులు వడ్డీకి ఇచ్చేది, క్యాలెండర్ వెనక ఇదే లెక్క ఇంకోలా వేసింది: మొత్తం బ్యాంకులోనే ఉంటే 10,500 వచ్చేది, 3,000 ఎక్కువొచ్చింది, బయటికెళ్లిన ప్రతి వందకీ 5 రూపాయలు ఎక్కువ, అంటే 600 వందలు, 60 వేలు. నాకు ఆ రోజే పై ఈక్వేషన్‌లో 5ఎక్స్ ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమైంది, అది రెండు రేట్ల తేడా. ఇంకోటి, మొత్తం వడ్డీ ఎప్పుడూ 10,500కీ 18,000కీ మధ్యలోనే ఉండాలి, బయటికి పోతే లెక్క మొదలుపెట్టకముందే రేట్లు మళ్లీ చదవండి.

"రెండు చోట్లా వడ్డీ సమానంగా వచ్చింది" అని ఇస్తే కలపకండి, 7ఎక్స్ = 12(1,50,000 − ఎక్స్) అని రాయండి, మిగతాదంతా ఇదే.