కోడలి తెలుగు, బెంగళూరు కన్నడ, నాన్నమ్మ రికార్డింగు

ప్రశ్న: మా కోడలిది నాగ్‌పూర్, వాళ్లింట్ల మరాఠీ. పెండ్లయి ఏడాది దాటింది. యూట్యూబుల, సీరియళ్లల్ల చూసి తెలుగు మంచిగనే నేర్సుకుంది గని 'ఆయన వచ్చాడు' అంటది, మా ఇంట్ల 'వచ్చిండు' అంటం. ఇప్పుడేమో రెండూ కలిపేస్తుంది, ఒక్క ముచ్చటల్నే ఒకపారి వచ్చాడు, ఇంకోపారి వచ్చిండు. మా చిన్నోడు నవ్వుతడు. దిద్దాల్నా, ఇడిసిపెట్టాల్నా?
- ఒక అత్త, జగిత్యాల

జవాబు: ముందు మీ చిన్నోణ్ణి నవ్వొద్దని చెప్పండమ్మా, మిగతాది తర్వాత. నవ్వితే ఆ పిల్ల మాట్లాడ్డం తగ్గించేస్తుంది, మాట్లాడకపోతే ఏ భాషా రాదు.

ఇక కలపడం సంగతి. మీరూ కలుపుతారు, గమనించి ఉండరు అంతే. బ్యాంకులో మేనేజరుతోనో స్కూల్లో టీచరుతోనో మాట్లాడేటప్పుడు మీ 'వచ్చిండు' కాస్తా 'వచ్చాడు' అయిపోతుందేమో ఓసారి చూసుకోండి. ఇది గందరగోళం కాదు, దీనికో లెక్క ఉంటుందని న్యూయార్క్‌లో విలియం లబోవ్ అనే భాషాశాస్త్రవేత్త 1962లోనే చూపించాడు, అప్పటికి ఆయన కొలంబియా యూనివర్సిటీలో ఇంకా స్టూడెంటే. చేసిందల్లా ఏంటంటే మూడు పెద్ద షాపులకి వెళ్లాడు, సాక్స్ ఖరీదైనది, మేసీస్ మధ్యరకం, క్లైన్స్ చవక బేరాలది, అక్కడ పనిచేసేవాళ్లని ఫలానా సరుకు ఎక్కడుందండీ అని అడిగేవాడు, అది నాలుగో అంతస్తులో ఉందని తనకి ముందే తెలుసు, వాళ్లు 'ఫోర్త్ ఫ్లోర్' అంటారు, వినపడనట్టు 'ఏంటండీ?' అనేవాడు, వాళ్లు మళ్లీ కాస్త ఒత్తి చెప్పేవాళ్లు, ఈయన పక్కకెళ్లి ఆ రెండు మాటల్లో 'ర' పలికారా మింగేశారా అని కాగితం మీద రాసుకునేవాడు. అలా 264 మంది. సాక్స్‌లో కనీసం ఒకసారైనా 'ర' పలికినవాళ్లు నూటికి 62 మంది, మేసీస్‌లో 51, క్లైన్స్‌లో అయిదుగురిలో ఒకరు. నాకు ఇందులో నచ్చేది ఈ అంకెలు కాదు, రెండోసారి చెప్పేటప్పుడు 'ర' పెరగడం. అదే మనిషి, అదే మాట, మధ్యలో అరనిమిషం కూడా లేదు.

సరే అది సొంత భాషవాళ్ల సంగతి, కొత్తగా నేర్చుకునేవాళ్లు కూడా ఇలాగే చేస్తారా అంటే చేస్తారు. అమెరికాకి వియత్నాం, కంబోడియాల నుంచి వచ్చిన వలసవాళ్ల ఇంగ్లీషు మీద ఆడమ్‌సన్, రీగన్ అనే ఇద్దరు 1991లో ఒక పరిశోధన వేశారు. 'వర్కింగ్' అనాలా 'వర్కిన్' అనాలా, అదీ చూసింది. పుస్తకం ప్రకారం మొదటిదే రైటు కదా, జాగ్రత్తగా మాట్లాడేటప్పుడు అదే పెరగాలి కదా, కానీ మగవాళ్లలో జాగ్రత్త పెరిగేకొద్దీ 'వర్కిన్' పెరిగింది! అంటే వాళ్లు పుస్తకం వైపు పోవట్లేదు, అక్కడి మగాళ్లు ఎలా మాట్లాడతారో దాని వైపు పోతున్నారు. ఆ రీగనే తర్వాత ఫ్రెంచి నేర్చుకునే ఐర్లాండ్ పిల్లల్ని చూసింది, ఏడాదిపాటు ఫ్రాన్స్‌లో ఉండొచ్చాక వాళ్లు కూడా అక్కడి జనంలాగే 'జె నె సే పా' (నాకు తెలీదు) లాంటి మాటల్లో 'నె'ని ఎగరగొట్టడం మొదలెట్టారు. అదే కెనడాలో క్లాసుల్లోనే ఫ్రెంచి నేర్చుకున్న పిల్లల్ని చూస్తే 'మేము' అనడానికి 'నూ' అని తెగ వాడతారు, క్యుబెక్ జనం మాత్రం మాటల్లో దాదాపు ఎప్పుడూ 'ఆన్' అనే అంటారు. మీ కోడలి 'వచ్చాడు' ఈ బాపతే, తెర మీద నుంచి వచ్చింది. మీ మధ్య ఉంటే 'వచ్చిండు' దానంతటదే పెరుగుతుంది, ఎంత పెరగాలో ఆమే చూసుకుంటుంది. నేనైతే దిద్దను.

మరి ఏది దిద్దాలి అంటే, ఏ ఊళ్లోనూ ఏ తెలుగువాళ్లూ అననిది. ఉదాహరణకి 'ఆడోళ్లు వచ్చినయి' అందనుకోండి. పాపం ఆమె లాజిక్ కరెక్టే, 'అమ్మ వచ్చింది, బర్రె వచ్చింది' ఒకటే అయినప్పుడు బర్రెలు వచ్చినయి అంటే ఆడోళ్లు కూడా వచ్చినయే కావాలి. మరాఠీలోంచి తెచ్చుకున్నదీ కాదు, మీ దగ్గర విన్నదీ కాదు, సొంతంగా కట్టుకున్న రూలు. నేర్చుకునేవాళ్ల దగ్గర ఇలా సొంత వ్యాకరణం ఒకటి నడుస్తుంటుందని, దాన్ని వట్టి తప్పుల కుప్ప అనుకోకూడదని సెలింకర్ అనే భాషాశాస్త్రవేత్త 1972లో రాశాడు. అప్పుడు 'అవునా, ఎంతమంది వచ్చిండ్రు?' అని అడగండి, చాలు. ఒక మంచి వార్త కూడా చెప్పనా, మేము-మనం తేడా ఆమెకి నేర్పక్కర్లేదు, మరాఠీలో ఆమ్హీ-ఆపణ్ ఉన్నాయి. 'నాకు ఆకలైతాంది' కూడా అంతే, వాళ్లదీ 'మలా భూక్ లాగలీ'యే. లక్నో కోడలైతే ఆ మేము-మనం దగ్గరే బోలెడు టైమ్ పట్టేది.

ప్రశ్న: నెల్లూరు నుంచి ట్రాన్స్‌ఫర్ మీద బెంగళూరు వచ్చాను. వయసు 52. కన్నడం నేర్చుకుందామంటే ఇంట్లోవాళ్లు ఈ వయసులో భాష ఎక్కదు అంటున్నారు, సైన్సు కూడా అదే చెప్తోందట. నిజమేనా సార్?

జవాబు: సైన్సు చెప్పింది వేరే, ఇంట్లోవాళ్లు విన్నది వేరే. చిన్నవయసు దాటితే కష్టం అనే మాట లెన్నెబర్గ్ 1967 పుస్తకంతో బాగా ప్రచారంలోకి వచ్చింది. తర్వాత 1989లో జాన్సన్, న్యూపోర్ట్ అమెరికా వచ్చిన 46 మంది చైనా, కొరియా వాళ్లని పరీక్షిస్తే ఏడేళ్లలోపు వచ్చినవాళ్లే అక్కడ పుట్టినవాళ్లతో సమానంగా తేలారు, 2018లో ఆన్‌లైన్ క్విజ్ పెట్టి దాదాపు 6.7 లక్షల మంది జవాబులు చూసినవాళ్లు వ్యాకరణం నేర్చుకునే శక్తి 17 ఏళ్ల దాకా పెద్దగా తగ్గదన్నారు. కానీ వీళ్లందరూ కొలిచింది వ్యాకరణంలో స్థానికులతో సమానం అవుతారా అని, మీరు ఆటోవాడితో బేరమాడగలరా అని కాదు. మొదటి నెలల్లో అయితే పెద్దాళ్లే చిన్నపిల్లల కంటే ముందుంటారు, నెదర్లాండ్స్‌లో డచ్చి నేర్చుకునే ఇంగ్లీషువాళ్ల మీద 1978లో అదే తేలింది. మన గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ సవర అనే గిరిజనుల భాష నేర్చుకున్నారు, చిన్నపిల్లాడిగా కాదు, 1938లో నిఘంటువు కూడా వచ్చింది.

మీ అసలు ఇబ్బంది వయసు కాదు, బెంగళూరు. మీరు కన్నడంలో మొదలెడితే అవతలివాడు తెలుగులోకి దిగుతాడు. పట్టుబట్టి కన్నడమే మాట్లాడండి. ఇంకో గుంట ఉంది చూసుకోండి, మనకి అమ్మా వచ్చింది, బస్సూ వచ్చింది, వాళ్లకి అలా కాదు, అమ్మాయి 'బందళు', బస్సు 'బంతు'. తెలుగు అలవాటులో మేనేజరమ్మని పట్టుకుని 'బంతు' అన్నారో, ఆఫీసంతా నవ్వుతారు. పెద్దవాళ్లకి 'బందరు' వాడేయండి, సేఫ్.

ప్రశ్న: ఎంఏ లింగ్విస్టిక్స్ చేస్తున్నా. మాది పలాస దగ్గర. ప్రాజెక్టుకి మా నాన్నమ్మ మాట రికార్డు చేద్దామని ఫోన్ ఆన్ చేస్తే చాలు, 'ఎల్లిపోనాది' అనే మనిషి 'వెళ్లిపోయింది' అంటోంది. ఏం చెయ్యాలండి?

జవాబు: మీ నాన్నమ్మకి మీరు చదువుకున్న మనవరాలు, దానికి తోడు ఫోను. జనం ఎవరూ చూడనప్పుడు ఎలా మాట్లాడతారో కావాలి, చూడకుండా అది దొరకదు, లబోవ్‌నీ సతాయించిన చిక్కే ఇది. ఆయన వాడిన ఒక ఉపాయం ఏంటంటే, ఇక ప్రాణం పోయిందిరా అనుకున్న సందర్భం ఎప్పుడైనా ఉందా అని అడగడం. అది చెప్తూ చెప్తూ మనిషి తన భాష మీద కాపలా మర్చిపోతాడు. మీకైతే వెతుక్కోనక్కర్లేదు, 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను రాత్రి ఇంట్లో ఏం జరిగిందో అడగండి. మీరు అడిగి ఊరుకోండి, పక్కింటి ముసలమ్మని కూడా కూర్చోబెట్టండి, ఇద్దరూ ఒకళ్లకొకళ్లు చెప్పుకుంటారు, మీకన్నా ఆవిడ ముందు మీ నాన్నమ్మ కాపలా తగ్గుతుంది. మొదటి పావుగంట పక్కన పెట్టేయండి, సరుకంతా తర్వాతే ఉంటుంది. 'వెళ్లిపోయింది' వచ్చిన చోట్లు మాత్రం చెరిపేయకండి, ఎవరితో అన్నప్పుడు ఏది వచ్చిందో పక్కనే రాసుకుంటూ పోతే మీ ప్రాజెక్టు అదే.

దొంగచాటుగా మాత్రం రికార్డు చెయ్యొద్దు, ఆ రోజుల్లో షాపుల్లో చెప్పకుండా రాసుకున్నారు గానీ ఇప్పుడు గైడు ఒప్పుకోరు, నాన్నమ్మకి తెలిస్తే ఇంకా కష్టం. పదాలు కూడా కావాలంటే భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాండలిక వృత్తి పదకోశంలో వ్యవసాయ సంపుటం, 1962ది, లైబ్రరీలో తీసి చూడండి, ఊరూరా తిరిగి రైతుల దగ్గర సేకరించిన మాటలవి. అందులో మీ జిల్లా మాటలు ఏరి, నాన్నమ్మని ఒక్కొక్కటే అడుగుతూ పొండి, ఏది ఇంకా వాడుతోందో, ఏది విన్లేదంటుందో.