కాలు కింద దిగిపోయే బ్రేకు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

సిగ్నల్ దగ్గర కాలు నొక్కి ఉంచితే పెడల్ మెల్లగా నేలదాకా దిగిపోతోందని, వదిలి మళ్లీ నొక్కితే పైనే దొరుకుతోందని రాశావు. ముందు కారును ఉన్నచోటనే ఉంచు. షెడ్డు రెండు వీధుల అవతలే కదా, నెమ్మదిగా పోనిస్తానని బయలుదేరకు. మెకానిక్‌నే ఇంటికి రప్పించు, కుదరకపోతే బండిని లాగించు.

వచ్చినవాడు డబ్బా మూత తీసి, బ్రేక్ ఆయిల్ కాస్త పోసి, సరిపోయిందని వెళ్లిపోతానంటే ఒప్పుకోవద్దు. బ్రేక్ ఆయిల్ ఇంజిన్ ఆయిల్‌లా కాలిపోయేది కాదు. ప్యాడ్లు అరిగేకొద్దీ డబ్బాలో మట్టం నెలల తరబడి కొంచెం కొంచెంగా దిగుతుంది. అంతకంటే వేగంగా తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. కారే చోటు కనిపెట్టకుండా పోస్తూ పోతే రోగం అలాగే ఉంటుంది.

పెడల్ ఎలా దిగుతోందో గమనిస్తే సగం పని అయిపోతుంది. మొదటి నొక్కుకు బాగా కిందికి వెళ్లి, వెంటనే రెండోసారి నొక్కితే పైనే గట్టిగా నిలిచిందంటే, వెనక చక్రాల డ్రమ్ముల్లో, డ్రమ్మును లోపలినుంచి ఒత్తి ఆపే షూలకూ డ్రమ్ముకూ మధ్య సందు పెరిగి ఉంటుంది. షూలు సర్దితే చాలు. నొక్కినప్పుడు మెత్తగా, సాగుతున్నట్టుగా ఉంటే పైపుల్లో గాలి చేరింది. రాయిలా గట్టిగా ఉండి బండి ఆగకపోతే, మన కాలి బలాన్ని పెంచే బూస్టర్ సంగతి చూడాలి. నువ్వు రాసినట్టు ఒకే బలంతో నొక్కి ఉంచినా జారిపోతుంటే, బయట ఎక్కడైనా కారుతుండాలి, లేదా పెడల్ నొక్కితే ఆయిల్‌ను చక్రాలవైపు తోసే మాస్టర్ సిలిండర్ లోపల సీళ్లు అరిగి ఉండాలి. ఇంజిన్ స్టార్ట్ చేసిన క్షణంలో పెడల్ ఒక్కసారి కాస్త దిగి ఆగితే కంగారుపడకు. బూస్టర్ పనిచేస్తోందనడానికి అదే గుర్తు.

బయట కారడం లేదని తేల్చుకోవాలంటే నాలుగు చక్రాలూ చూడాలి. జాకీ ఎత్తి వదిలేయకుండా కింద స్టాండ్లు పెట్టాలి. చక్రాల లోపలి వైపు తడి ఉందా, హోస్ పైపులు ఉబ్బాయా, ఇనుప పైపులకు తుప్పు పట్టిందా చూడు. వెనక డ్రమ్ములు విప్పించి, షూలను నెట్టే వీల్ సిలిండర్ రబ్బరు బూటు అంచు ఎత్తి చూడమను. చాలామంది ఇక్కడే బద్ధకిస్తారు. డ్రమ్ము లోపల కారిన ఆయిల్ షూలకు పట్టి, నేల మీద చుక్క కూడా కనిపించకపోవచ్చు. షూలు తడిసి ఉంటే తుడిచి బిగించకుండా కొత్తవి వేయించు.

అక్కడా పొడిగానే ఉంటే మాస్టర్ సిలిండర్ దగ్గరికి రా. దాని లోపల పిస్టన్‌కు రబ్బరు కప్పులుంటాయి. సైకిల్ పంపులో తోలు వాషర్ అరిగితే గాలి ట్యూబులోకి పోకుండా వెనక్కి తన్నినట్టు, ఈ కప్పులు అరిగితే ఆయిల్ చక్రాలవైపు పోకుండా పిస్టన్ పక్కనుంచి వెనక్కి జారుతుంది. అందుకే డబ్బాలో మట్టం తగ్గదు, ఎక్కడా చుక్క పడదు, పెడల్ మాత్రం దిగిపోతుంది. అనుమానం తీరకపోతే మాస్టర్ సిలిండర్ నుంచి పైపులు విప్పి, సరైన సైజు ప్లగ్గులతో రంధ్రాలు మూసి, గాలి తీసి నొక్కించు. అప్పుడూ జారితే తప్పు అందులోనే. గట్టిగా నిలిస్తే తప్పు చక్రాల వైపు ఉంది.

ఇంకొకటి ఉంది. మాస్టర్ సిలిండర్‌ను బూస్టర్‌కు పట్టి ఉంచే రెండు నట్లు విప్పి, సిలిండర్‌ను కొద్దిగా ముందుకు లాగి వెనక భాగం చూడాలి. వెనక సీలు పోతే ఆయిల్ బూస్టర్‌లోకే కారుతుంది, బయటికి ఏమీ తెలియదు.

కిట్ (కొత్త రబ్బరు కప్పుల సెట్టు) వేద్దామా, కొత్త సిలిండర్ కొందామా అని నిన్ను అడుగుతారు. లోపలి గోడ అద్దంలా నున్నగా ఉంటేనే కిట్. వేలికి గరుకు తగిలినా, తుప్పు చుక్కలు కనబడినా కొత్త కప్పులు కూడా త్వరలోనే కోసుకుపోతాయి. పాత బండి కాబట్టి నన్నడిగితే కొత్తదే కొనమంటాను. బ్రేకు దగ్గర పొదుపు నాకు నచ్చదు.

కొత్తది బిగించే ముందు బెంచి మీదే వైసులో పట్టించి, అందులోని గాలి తీయించు. ఈ పని మానేసి తర్వాత చక్రాల దగ్గర గంటలకొద్దీ తంటాలు పడేవాళ్లను చూస్తూనే ఉంటాను. ఏ చక్రం తర్వాత ఏ చక్రం దగ్గర గాలి తీయాలనే వరస బండిని బట్టి మారుతుంది, కంపెనీ పుస్తకం చూడమను. ఒకరు పెడల్ నొక్కి పట్టుకుంటే ఇంకొకరు చక్రం దగ్గర గాలి వదిలే నిపుల్ విప్పాలి. నిపుల్ బిగించాకే పెడల్ వదలాలి, లేదంటే వెళ్లిన గాలి మళ్లీ లోపలికి వస్తుంది. డబ్బా మధ్యలో ఖాళీ కానివ్వకూడదు. పాత సిలిండరే ఉంచి గాలి తీస్తుంటే పెడల్ కింద చెక్కముక్క పెట్టు. రోజూ వెళ్లని లోతుకు పిస్టన్ వెళితే అక్కడి తుప్పు కప్పులను చీల్చేస్తుంది. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండిలో గాలి ఆ యూనిట్లో చిక్కితే స్కానర్ లేకుండా బయటికి రాకపోవచ్చు.

ఆయిల్ డబ్బా మూత మీద రాసిన రకమే వాడాలి. డాట్ 3, డాట్ 4 అనే బ్రేక్ ఆయిల్ రకాలు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కు ఆ లెక్కలు 230, 155. తిరుమల ఘాట్ లాంటి దిగుడులో బ్రేకు మీదే కాలు ఉంచితే పాత ఆయిల్ మరిగి ఆవిరి పుట్టి, పెడల్ కింద ఏమీ దొరకదు. అందుకే రెండేళ్లకోసారి మొత్తం మార్పించు, దిగుడులో చిన్న గేరు వాడు. మూత తీసి నిలవ ఉన్న సీసా వాడనివ్వకు. ఇంజిన్ ఆయిల్ చుక్క కలిసినా రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి. బ్రేక్ ఆయిల్ పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడిగేయాలి.

ఎప్పుడైనా రోడ్డు మీద పెడల్ జారిపోతే గబగబా పంపు కొట్టు, గేర్లు ఒక్కొక్కటే దించు, హ్యాండ్‌బ్రేక్‌ను బటన్ నొక్కి పట్టుకుని మెల్లగా లాగు. నీ కారులో అది తీగతో వెనక చక్రాలను పట్టేది, ఆయిల్‌తో సంబంధం లేదు. ఇంజిన్ మాత్రం ఆపకు.

పని పూర్తయ్యాక నిలిపిన బండిలో ఇంజిన్ ఆన్ చేసి, ఒక నిమిషం గట్టిగా నొక్కి ఉంచి, పెడల్ కదలలేదని చూసుకున్నాకే వీధిలోకి తీసుకెళ్లు. రేపు ఆ రెండు నట్లు విప్పించినప్పుడు సిలిండర్ వెనక తడి ఉందో లేదో ఫోన్ చేసి చెప్పు. ఉంటే బూస్టర్ లోపలికి ఎంత ఆయిల్ చేరిందో చూడాలి, దాన్ని కూడా మార్చాలో లేదో అప్పుడు చెబుతాను.

మీ మామయ్య