యువ రచయిత్రికి లేఖ: కొండవీటి అక్కచెల్లెళ్ల కథ గురించి

బ్రాడీపేట, గుంటూరు.

చిరంజీవికి ఆశీస్సులు.

విజయవాడ నుంచి నువ్వు పంపిన రాతప్రతి పూర్తిగా చదివాను. కొండవీటి రెడ్డిరాజుల కాలంలో చేతబడి నింద మోసిన అక్కచెల్లెళ్ల కథను ఎంచుకోవడం నాకెంతో నచ్చింది, అక్కను మంత్రసానిని చేయడం ఇంకా నచ్చింది. ఆమె చేతుల్లోంచి నిప్పురవ్వలు రాలే ఘట్టాల్లో కలగని జలదరింపు, పురిటిగదిలో బొడ్డు కోసి, మాయను గుంటలో పూడ్చి, తెల్లవారేలోగా పెరటి దారిన వెళ్లిపోయే ఆ ఒక్క పేజీలో కలిగింది. ఏ ఇంటి గుట్టు ఏమిటో ఆమెకు తెలుసు కనుకనే ఊరు ఆమెకు భయపడుతుంది.

ఆ భయాన్ని చరిత్రతో ముడివేసే అవకాశాన్ని నువ్వు వదిలేశావు. 1420 నుంచి 1424 దాకా ఏలిన రాచవేమారెడ్డి పురిటి సుంకం విధించాడనీ, ఆ కోపంతోనే సవరం ఎల్లయ్య అనే బంటు అతన్ని పొడిచి చంపాడనీ కొండవీటి గురించి చెప్పుకునే కథ ఒకటుంది. బిడ్డ పుడితే సుంకం కట్టవలసిన ఊళ్లో, దాచిన కాన్పుల లెక్క తెలిసిన మనిషి మంత్రసానే కదా! సుంకరి నిలదీసినప్పుడు అక్కను మంత్రగత్తె అని మొదట వేలెత్తి చూపేది చెల్లెలే అయితే, కథ అక్కడి నుంచి దానంతటదే నడుస్తుంది. ఇప్పుడు ఆ నింద పొరుగూరి పూజారి వేస్తున్నాడు. పరాయివాడి మాట అంత లోతుగా గుచ్చుకోదు.

మంత్రశక్తిని తీసేయమనడం లేదు. అది ఆమె పనిలోంచే పుట్టాలి. తాను బొడ్డు కోసిన బిడ్డ ఎక్కడ ఏడ్చినా ఆమెకు వినబడుతుందని రాయి, నేను నమ్ముతాను.

నాలుగో అధ్యాయంలో ఎండుమిరపకాయలతో దిష్టి తీయించావు. గుంటూరు సీమవాళ్లకు మిరప లేని కాలాన్ని ఊహించడం కష్టమే గానీ, ఆ పంట మన దేశానికి వచ్చింది పోర్చుగీసువారి రాక తర్వాత, అంటే 1498 దాటాకే. ఉప్పు, ఆవాలు చాలు. ఘాటు కావాలంటే మిరియాలున్నాయి. ముసలామె నోట్లోని పొగచుట్ట కూడా అంతే, తీసేయి.

ఒకసారి కొండవీడు వెళ్లు. ఘాట్ రోడ్డున కాకుండా కాలిదారిన ఎక్కు. అర్ధరాత్రి నొప్పులు మొదలయ్యాయని కబురొస్తే ఆ ఎత్తు ఎక్కడానికి ఎంతసేపు పడుతుందో, ఎక్కడ ఆగి ఊపిరి తీసుకోవాలో నీ కాళ్లకు తెలియాలి. ఆ తర్వాత చెల్లెలు సాక్ష్యం చెప్పే అధ్యాయం రాసి, అదొక్కటే నాకు పంపు.

నీ శ్రేయోభిలాషి