అన్‌వెయిటెడ్ 3.2తో యూసీలో కంప్యూటర్ సైన్స్ వస్తుందా?

మీరు అడిగింది ఇది: కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో పదకొండో గ్రేడ్ ముగించిన అబ్బాయి, జీపీఏ (గ్రేడ్ల సగటు) అన్‌వెయిటెడ్ 3.2, కష్టమైన కోర్సులకు అదనపు పాయింట్లు కలిపిన వెయిటెడ్ 3.6, కంప్యూటర్ సైన్స్ కావాలి, యూసీల్లో, అంటే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లలో, ఎక్కడైనా ఆశ ఉందా అని. స్కూలిచ్చిన ఆ రెండు అంకెల్నీ ముందు పక్కన పెట్టండి. యూసీ తన లెక్క తానే వేసుకుంటుంది.

తొమ్మిది అయ్యాక వచ్చే వేసవి నుంచి పదకొండు అయ్యాక వచ్చే వేసవి దాకా చదివిన ఏ-జీ కోర్సులే (యూసీ తప్పనిసరిగా అడిగే హైస్కూల్ సబ్జెక్టులు) లెక్కలోకి వస్తాయి. తొమ్మిదో గ్రేడ్ మార్కులు జీపీఏలో కలవవు, పీఈ (వ్యాయామ విద్య) కలవదు. ప్లస్, మైనస్‌లు చూడరు. బీ ప్లస్ అయినా బీ మైనస్ అయినా 3 పాయింట్లే. ఏపీ కోర్సులకూ (హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సులు), యూసీ గుర్తించిన ఆనర్స్ కోర్సులకూ, సీ లేదా అంతకన్నా మంచి గ్రేడ్ ఉంటే సెమిస్టర్‌కి ఒక పాయింట్ అదనం. కానీ మొత్తం 8 సెమిస్టర్లకు మించి ఇవ్వరు, అందులో పదో గ్రేడ్‌వి 4 దాటకూడదు. చాలామంది తప్పేది ఇక్కడే. స్కూల్ ఆనర్స్ అని రాసిన ప్రతి క్లాసుకూ అదనపు పాయింట్ రాదు. యూసీ వెబ్‌సైట్‌లో మీ స్కూల్ కోర్సుల జాబితా తీసి, ఆనర్స్ గుర్తు ఉందో లేదో ఒక్కొక్కటీ చూసుకోండి.

ఉదాహరణకు రెండేళ్లలో 24 సెమిస్టర్ గ్రేడ్లు ఉన్నాయనుకుందాం: 8 ఏలు, 12 బీలు, 4 సీలు. ఏకి 4, బీకి 3, సీకి 2 పాయింట్లు. 32+36+8=76, దాన్ని 24తో భాగిస్తే 3.17. ఏపీ సెమిస్టర్లు 10 ఉన్నా కలిసేవి 8 పాయింట్లే. 84ని 24తో భాగిస్తే 3.50. మీ వాడు నిలబడేది దాదాపు ఇక్కడే.

కాలిఫోర్నియా వాసులకు కనీస అర్హత 3.0, కాబట్టి అప్లై చేయడానికి అడ్డు లేదు. అర్హత వేరు, సీటు వేరు. బర్కిలీ, యూసీఎల్‌ఏల్లో సీటొచ్చినవాళ్లలో కింది పాతిక శాతం గీత కూడా 4.0 పైనే ఉంటుంది. శాట్ స్కోరుతో పూడ్చుకుందామంటే యూసీ శాట్ చూడనే చూడదు. పార్టీల్లో వినపడే ‘మావాడికి 3.4తో బర్కిలీ వచ్చింది’ కబుర్లో మేజర్ (ప్రధాన సబ్జెక్టు) ఏదో, ట్రాన్స్‌ఫరో (వేరే కాలేజీ నుంచి మధ్యలో వచ్చి చేరడం) కాదో ఎవరూ చెప్పరు.

క్యాంపస్ మొత్తం సగటు కన్నా మీ స్కూల్ లెక్క ఎక్కువ పనికొస్తుంది. యూసీ ఇన్ఫర్మేషన్ సెంటర్‌లో హైస్కూల్ వారీ పట్టిక ఉంది: మీ స్కూల్ నుంచి ఏ క్యాంపస్‌కి ఎందరు అప్లై చేశారు, ఎందరికి వచ్చింది, వాళ్ల సగటు జీపీఏ ఎంత అన్నది కనబడుతుంది. గత రెండు మూడేళ్లవి చూడండి. అందులో మేజర్ విడిగా ఉండదు. కంప్యూటర్ సైన్స్‌కి పోటీ ఆ సగటు కన్నా బాగా ఎక్కువని లెక్కేసుకోండి.

నా అంచనా: యూసీ క్యాంపస్‌లలో మెర్సెడ్‌కి నిజమైన అవకాశం, రివర్‌సైడ్ సందేహం, డేవిస్, అర్వైన్‌లలో ఈ మేజర్‌కి ఆశ పెట్టుకోవద్దు. తేలిక మేజర్‌లో చేరి లోపల మారిపోదామనే పథకం కంప్యూటర్ సైన్స్ విషయంలో చాలాచోట్ల నడవదు. కాల్ స్టేట్‌లలో (యూసీ కాక కాలిఫోర్నియాకున్న మరో ప్రభుత్వ యూనివర్సిటీల సముదాయం) శాన్ హోసే స్టేట్ ఈ మేజర్‌కి గట్టి పోటీ. హేవర్డ్‌లోని ఈస్ట్ బేను మాత్రం తీసిపారేయకండి. బయటి రాష్ట్రంలో అరిజోనా స్టేట్ ఒకటి చేర్చుకోండి, కోర్ కోర్సుల్లో 3.0 ఉంటే వాళ్ల సాధారణ ప్రవేశానికి సరిపోతుంది. ఇంజనీరింగ్ విభాగం అడిగేది వేరే, అదీ చూడండి.

ఈ వేసవిలో చేయగలిగింది ఒకటుంది. ఓలోనీ లాంటి కమ్యూనిటీ కాలేజీలో (రెండేళ్ల ప్రభుత్వ కాలేజీ) యూసీకి బదిలీ అయ్యే క్లాసు తీసుకుంటే ఆ గ్రేడ్ లెక్కలోకి వస్తుంది. 8 సెమిస్టర్ల పరిమితి ఇంకా నిండకపోతేనే అదనపు పాయింట్. సీ వచ్చిన క్లాసును మళ్లీ రాయించకండి, యూసీ కొత్త గ్రేడ్ తీసుకోదు; డీ, ఎఫ్‌లకే ఆ వెసులుబాటు.

రెండేళ్లు కమ్యూనిటీ కాలేజీలో చదివి ట్రాన్స్‌ఫర్ అవడాన్ని మనవాళ్లు నామోషీగా చూస్తారు. ఈ ప్రొఫైల్‌కి నేనైతే దాన్నే ముందు పెడతాను, ఎందుకంటే అక్కడ చూసేది కాలేజీ గ్రేడ్లనే, హైస్కూల్ 3.2ని కాదు. డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్‌లకు ట్యాగ్ అనే హామీ ప్రవేశం ఉంది, దరఖాస్తు సెప్టెంబర్‌లో. అన్ని మేజర్లకూ వర్తించదు: శాంటా బార్బరాలో కంప్యూటర్ సైన్స్ ఇంజనీరింగ్ కాలేజీ కింద ఉండటంతో అక్కడ ట్యాగ్ లేదు. మిగతా క్యాంపస్‌ల మేజర్ జాబితా, కావలసిన జీపీఏ ఏటా మారుతుంటాయి, ఆ ఏడాది పట్టికే చూడండి.