మిషన్ మీద తొలి బొంత: ముడతలు పడకుండా ముగించడం ఎలా?

పాత చీరల పొరలు కలిపి మిషన్ మీద బొంత కుడుతుంటే అంచు దగ్గర ముడతలు పడుతున్నాయని అడిగారు. సూది కింద ఉండే మిషన్ పళ్ళు అడుగు గుడ్డను లాగుతాయి, పై గుడ్డను ఫుట్ (సూది దగ్గర గుడ్డను అదిమిపట్టే పాదం) నొక్కి ఆపుతుంది. దాంతో వరస చివర పై గుడ్డ మిగిలిపోయి ముడత పడుతుంది. అందుకే పొరలు కదలకుండా ముందు బెత్తెడు బెత్తెడు దూరంలో చేత్తో పొడవాటి టాకాలు వేసుకోండి. ఈ పని విసుగే, కానీ సగం బొంత ఇక్కడే కుదురుతుంది. మిషన్ మీద మొదటి కుట్టు నడిమధ్యన వేసి, రెండు వైపులా అంచులకు రండి. కుట్టు పొడవు 3 నుంచి 4 మిల్లీమీటర్లు, సూది 16 నంబరు.

అంచుకు 2.5 అంగుళాల పట్టీని నిలువునా మడిచి, ముందు వైపు కుట్టి, వెనక్కి తిప్పి చేత్తో హెమ్మింగ్ చేయండి. పట్టీ కొత్త నూలు గుడ్డయితే ముందే తడిపి ఆరేయండి. లేకపోతే తొలి ఉతుకులోనే అంచు కుంచించుకుపోతుంది.